ఏనుగు గుండు నీడ కొలిచిన రోజు

మా అమ్మాయి ఇంట్లోంచే ఆఫీసు పని చేస్తుంది. పొద్దున్నే భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుందంటే ఇక ఆ బల్ల మీద మాకు కంచం పెట్టుకునే చోటుండదు. మొన్న నేను కింద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే దాని గొంతు ఒక్కసారిగా లేచింది.

"అదొక చిన్న మెయిల్. దాన్ని మీరందరూ కలిసి అవుట్ ఆఫ్ ప్రపోర్షన్ చేస్తున్నారు," అంటోంది ఎవరితోనో.

కాల్ అయిపోయాక అడిగాను. "ప్రపోర్షన్ అంటే లెక్కల్లో మాట కదనే? ఆఫీసు కొట్లాటకు అదెందుకు వచ్చింది?"

"మాటల్లో కూడా అంటారమ్మా. జరిగింది ఇంత, లొల్లి అంత. రెండిటికీ పొంతన లేదని," అని రెండు చేతులూ చాపి చూపించి మళ్ళీ పనిలో పడిపోయింది.

నేను చిక్కుడుకాయలు పక్కన పెట్టి బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డాను. ఎదురుగా అద్దాల మేడలు. వాటి పేర్లు నాకు గుర్తుండవు కానీ ఏది ఎవరి మెట్ట చెలకలో లేచిందో మాత్రం ఇప్పటికీ చెప్పగలను. కంపెనీ బస్సులు వరసగా ఆగే చోట మా బర్రెలు పడుకునే నీటి మడుగు ఉండేది. దానికి ఇవతల మా మక్కచేను. చేను అంచున ఏనుగు గుండు.

గుండు అంటే మా దగ్గర పెద్ద బండరాయి. ఏనుగు గుండు అన్నారు కానీ ఎటు నుంచి చూసినా ఏనుగులా ఉండేది కాదు. "మీ తాత కండ్లకు కనవడ్డది, మీకు కనవడకపోతె నేనేం జేయాలె," అనేది నాయనమ్మ. వాన వెలిసి ఎండ కాస్తే దాని ఒంటి నుంచి ఆవిరి లేచేది. తడిసిన రాయి వాసన, చుట్టూ సీతాఫలం చెట్ల ఆకుల చేదు వాసన, ఎవరో ఒకరు చేనులో కాలుస్తున్న మక్క కంకుల వాసన, ఈ మూడూ కలిస్తే నాకు మా ఊరు. అప్పుడు దాన్నెవరూ హైదరాబాద్ అనేవాళ్ళు కాదు. పట్నం వెళ్ళాలంటే లింగంపల్లి దాకా నడిచి రైలెక్కేవాళ్ళం.

ఇంట్లో అందరం కలిసే ఉండేవాళ్ళం. పెద్దనాయిన అంటే మా నాయినకు అన్న. వాళ్ళిద్దరి వ్యవసాయం ఒకటే, వంట ఒకటే. పెద్దమ్మ, మా అమ్మ పొయ్యి దగ్గర వంతులు వేసుకునేవాళ్ళు కాదు. ఎవరి చేతికి పిండి అంటితే వాళ్ళు రొట్టెలు చేసేవాళ్ళు. పెద్దనాయిన కూతురు నాకు అక్క. బడిలో నాకంటే రెండు తరగతులు పైన ఉండేది. నేను ఆమె వెనకాలే పెరిగాను. ఆమె వదిలేసిన లంగాలు తొడుక్కుని, ఆమె ఎక్కిన చెట్లే ఎక్కి, ఆమె తిట్టినవాళ్ళను నేనూ తిట్టి.

గరిటె మాత్రం నాయనమ్మ చేతిలో ఉండేది. ఆదివారం కోడి కోస్తే ఆమె పీట మీద కూర్చుని అందరి గిన్నెల్లో కూర వేసేది. నా గిన్నెలో తక్కువ పడిందని ఒకసారి ఏడ్చాను.

"పెద్దనాయినకు గన్ని ముక్కలేసినవ్, నాకు గింతేనా?"

"ఆయన పొద్దంత నాగలి పట్టిండు. నువ్వు పొద్దంత చెట్లెక్కినవ్," అంది నాయనమ్మ. "అందరికి ఒక్క తీరుగ ఏస్తె అది సమానం గాదు బిడ్డా. ఎవల వంతుకు ఎంత పాలు రావాలెనో అంత రావాలె."

పెద్దనాయిన నవ్వుతూ తన గిన్నెలోంచి ఒక ముక్క తీసి నా గిన్నెలో వేశాడు. నాయనమ్మ ఆయన చేతి మీద గరిటె కాడతో కొట్టింది. మా నాయిన పొలమారేదాకా నవ్వాడు. ఇంత చిన్న సంగతి ఎందుకు చెప్తున్నానంటే, ఆ అన్నదమ్ములు ఒకరినొకరు చూసుకుని నవ్వడం నాకు ఇప్పటికీ ఆ ఆదివారం రూపంలోనే గుర్తొస్తుంది.

లెక్కల టీచరు కోస్తా వైపు నుంచి వచ్చినావిడ. భర్తకు లింగంపల్లి దగ్గర ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఇస్త్రీ చేసిన నేత చీర కట్టుకుని, దుమ్ము రోడ్డు మీద గొడుగు వేసుకుని నడిచొచ్చేది. మా మాటలు ఆవిడకూ, ఆవిడ మాటలు మాకూ మొదట్లో నవ్వు తెప్పించేవి. అక్కంటే ఆవిడకు ప్రాణం. బోర్డు మీద లెక్క రాయడం పూర్తయ్యేలోపు అక్క జవాబు చెప్పేసేది.

"నువ్వు పెద్ద చదువు చదవాలమ్మా, మధ్యలో ఆపేశావో ఊరుకోను," అనేది టీచరు.

వానలు తగ్గి మక్కచేను కోసేసిన రోజుల్లో అక్క తరగతికి అనుపాతం పాఠం వచ్చింది. టీచరు పిల్లలందరినీ ఎండలోకి తీసుకెళ్ళి ఒక కర్ర పాతిందట. ఒకే సమయంలో ఒకే చోట ఎండ అన్నిటి మీదా ఒకేలా పడుతుంది కాబట్టి, కర్రకు దాని నీడ ఎన్ని రెట్లుంటే చెట్టుకూ దాని నీడ అన్ని రెట్లే ఉంటుందని చెప్పిందట. "కర్రకు నీడ రెట్టింపు ఉందనుకోండి, చెట్టు ఎక్కక్కర్లేదు. దాని నీడ కొలిచి సగం చేస్తే చెట్టు ఎత్తు వచ్చేస్తుంది. ఒకటి పెరిగిన పాళ్ళలోనే రెండోదీ పెరుగుతుంది. అదే అనుపాతం," అందట. ఇంటికెళ్ళి ఏదైనా ఒకటి కొలుచుకు రమ్మని పని కూడా ఇచ్చింది.

మిగతా పిల్లలు వేపచెట్టునో, గుడి ధ్వజస్తంభాన్నో చూసుకున్నారు. అక్క ఏనుగు గుండును కొలుస్తానంది.

ఆ సాయంత్రం మేమిద్దరం చేసిన పని నాకు అంగుళం అంగుళం గుర్తుంది. పండుగకు ఇల్లు వెల్ల వేయడానికి నానబెట్టిన సున్నం ఒక చిన్న ముంతలో దొంగిలించాం. బావి దగ్గర ఉన్న పొడుగు తాడు భుజాన వేసుకున్నాం. పశువులను కట్టే గూటాలు కొన్ని కొట్టంలోంచి పట్టుకుపోయాం. దారిలో విచ్చిన సీతాఫలాలు తెంపుకుని తింటూ, గింజలు ఎవరు దూరం ఉమ్ముతారో పందెం వేసుకుంటూ వెళ్ళాం. పొద్దు పడమటికి వాలి, గుండు నీడ కోసిన చేను మీద నల్లగా సాగి ఉంది.

అక్క కర్ర పాతింది. నేను కర్ర నీడ కొసనా, గుండు నీడ కొసనా వెంటవెంటనే గూటాలు కొట్టాను. తాడు పట్టుకుని గుండు అంచు నుంచి లాగబోతుంటే అక్క ఆపింది.

"ఆగే. గుండు నెత్తి అంచు మీద లేదు గద, నడుమల ఉన్నది. నడిమి నుంచి కొలవాలె."

"రాయి లోపటికెట్ల పోతవే?"

ఆమె కాసేపు ముంత పట్టుకుని ఆలోచించింది. ఆ తర్వాత గుండు పక్కనే ఒక తిన్నటి గీత గీసి, ఈ అంచుకూ ఆ అంచుకూ గూటాలు కొట్టి, గుండు వెడల్పు తీసి, అందులో సగం నీడకు కలిపింది. చెప్పడానికి ఇంతే కానీ మేం తాడు నాలుగు దిక్కులా లాగాం, తప్పుబోయిన చోట మళ్ళీ గీశాం. చీకటి పడే వేళకు చేనంతా తెల్లటి సున్నం గీతలు, గూటాలు. జవాబు వచ్చినప్పుడు అక్క గుండుకు ఒళ్ళు ఆనించి నిలబడి పైకి చూసింది. "తాటిచెట్టు కంటె పెద్దదే ఇది. ఎవ్వలకు తెల్వదు, మనకే తెల్సు," అంది. తాడు ఒక్కటే తెచ్చి బావి దగ్గర పడేసి, గూటాలు పొద్దున తెచ్చుకోవచ్చని అక్కడే వదిలేశాం.

ఆ రోజుల్లో ఊళ్ళోకి జీపులు రావడం మొదలైంది. పట్నం నుంచి తెల్ల బట్టల వాళ్ళు దిగి, రోడ్డు పక్క భూములు చూసి, చాయ్ తాగి వెళ్ళేవాళ్ళు. ఎవరి పాలు ఎంత, ఎవరి పేరు మీద ఎంత అన్న మాటలు అరుగుల మీద వినబడుతుండేవి. అంతకు ముందు వారమే మా నాయిన నా బడికి కావలసిన ఆదాయం సర్టిఫికెట్ కోసం తహసీలు ఆఫీసుకు వెళ్ళొచ్చాడు. ఇవేవీ ఒకదానికొకటి సంబంధం ఉన్నవి కావు. కానీ పొద్దున్నే చేనికి వెళ్ళిన పెద్దనాయినకు సున్నం గీతలు, పాతిన గూటాలు కనబడ్డాయి. అది భూమి కొలిచినట్టే ఉంది మరి. ఎవరు చూసినా అదే అనుకుంటారు.

ఆయన ఇంటికొచ్చేసరికి మా నాయిన వాకిట్లో ఎద్దులకు కుడితి పెడుతున్నాడు.

"నాకు చెప్పకుంట భూమి కొలిపిచ్చినవా?" అని అడిగాడు పెద్దనాయిన.

మా నాయినకు ఏమీ తెలియదు. ఆయన ‘లేదన్నా’ అని ఒక్క మాట అని ఉంటే అయిపోయేది. కానీ అన్న తనను అలా అడుగుతాడని ఆయన అనుకోలేదు. ముఖం ఎర్రగా అయిపోయింది. కుడితి బకెట్ కింద పెట్టి, "కొలిపిస్తె తప్పేంది? నా పాలు నాకు లేదా?" అన్నాడు.

అక్క పరుగెత్తుకుని వచ్చి తండ్రి చేయి పట్టుకుంది.

"నాయినా, చిన్నాయిన గాదు, మేమే కొలిచినం. గుండు ఎత్తు కొలిచినం. టీచరమ్మ లెక్కిచ్చింది."

"అవు పెద్దనాయినా, నేను గూడ ఉన్న. సున్నం నేనే తెచ్చిన," అని నేనూ అరిచాను.

"గుండు ఎత్తు కొలుస్తె చేన్ల గీతలెందుకుంటయే?" అని పెద్దనాయిన అక్క చెంప మీద కొట్టాడు. అంతకు ముందెప్పుడూ ఆయన ఆమె మీద చేయెత్తగా నేను చూడలేదు. "పిల్లలను అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్నవా?" అన్నాడు మా నాయిన వైపు తిరిగి.

నాయనమ్మ ఇద్దరి మధ్యకీ వచ్చింది. "గోరంత దాన్ని కొండంత జేస్తున్నరేందిరా? జర ఊకోండి. పిల్లలు చెప్తున్నరు గద," అంది. ఇద్దరూ వినలేదు. అప్పటికే వాళ్ళు మాట్లాడుకుంటున్నది గీతల గురించి కాదు. పెళ్ళిళ్ళప్పుడు ఎవరికి ఏ ఎద్దు ఇచ్చారు, ఎవరి భార్యను ఎవరు ఏమన్నారు, ఎన్నడో మరిచిపోయామనుకున్న మాటలన్నీ ఆ వాకిట్లోకి వచ్చాయి.

మర్నాడు టీచరు గొడుగు మూసుకుంటూ మా ఇంటికి వచ్చింది. పెద్దనాయిన మర్యాదగా మంచం వేశాడు. ఆవిడ కూర్చోలేదు.

"పిల్లలకి ఆ లెక్క నేనిచ్చానండి. తప్పేమైనా ఉంటే నాదండి. చాలా తెలివైన పిల్లండి మీ అమ్మాయి. రాయి నడిమి నుంచి కొలవాలన్నది నేను చెప్పలేదు, తనే కనిపెట్టింది. ఇంత చిన్నదానికి ఇంత దూరం వెళ్ళొద్దండి."

"మంచిదమ్మా," అన్నాడు పెద్దనాయిన. వేసిన మంచం ఎత్తి గోడకు ఆనించాడు. ఆవిడ వెళ్తూ వెళ్తూ అక్క తల నిమిరింది.

పండుగ లోపలే పొయ్యి వేరైంది. తర్వాత గొలుసు పట్టుకుని నిజంగా భూమి కొలిచేవాళ్ళు వచ్చారు. చేను రెండు పాళ్ళయింది. గుండును ఎవరి పాలులో వేయాలని అడిగితే, అక్కడ గింజ మొలవదు కదా, నాకొద్దంటే నాకొద్దని అది ఉమ్మడిలో వదిలేశారు. ఇంటి నడిమిలో గోడ లేచింది. మా దగ్గర దాయాదులను పాలోళ్ళు అంటారు. పాలు అంటే వాటా, దాన్ని పంచుకునేవాళ్ళని అర్థం. ఆ మాట నేను ఊళ్ళో విన్నదే కానీ మా ఇంట్లో ఎప్పుడూ వినలేదు. గోడ లేచాక ఒకరోజు పెద్దనాయిన ఎవరో చుట్టానికి మా నాయినను చూపించి, "ఆయన మా పాలోడు," అన్నాడు. తమ్ముడు అనలేదు.

నాయనమ్మ మళ్ళీ గరిటె పట్టలేదు. ఎవరు ఏం పెడితే అది తినేది.

వేరు పడ్డాక పెద్దమ్మకు పని పెరిగింది. ఇద్దరు చేసేది ఒక్కతే చేయాలి. పశువులు, చేను, ఇల్లు. "నీ సదువు వల్లనే ఇంత అయ్యింది," అని ఎవరో అన్నారట. అక్క బడి మానేసింది. కొన్నాళ్ళు టీచరు నన్ను అడిగేది, "అక్క ఎలా ఉందమ్మా, పుస్తకాలు చూస్తోందా?" అని. నేను తలూపేదాన్ని. గోడకు అవతల రొట్టెలు కొట్టే చప్పుడు వినిపించేది. అది పెద్దమ్మ చేతిదో అక్క చేతిదో చప్పుడును బట్టి నాకు తెలిసేది. అక్క చేయి కొంచెం తొందరగా కొట్టేది.

అక్క పెళ్ళికి మమ్మల్ని పిలవలేదు. డప్పుల చప్పుడు వినబడుతుంటే మా అమ్మ తలుపు వేసుకుని పడుకుంది. నేను మిద్దె ఎక్కి చూశాను. పసుపు బట్టల్లో అక్క తల వంచుకుని ఉంది. ఒక్కసారి తలెత్తి మా మిద్దె వైపు చూసింది. నేను చేయి ఊపాలా వద్దా అనుకునేలోపే మళ్ళీ తల వంచుకుంది.

తర్వాత మా ఊరు ఊరుగా మిగల్లేదు. రెండు పాళ్ళ భూమీ చివరికి ఒకే కంపెనీ కొన్నది. అన్నదమ్ములిద్దరూ ఒకే ఆఫీసులో, చెరో బెంచీ మీద కూర్చుని సంతకాలు చేశారు. ఆడపిల్లల పాలు సంగతి ఎవరూ ఎత్తలేదు. గుండును తొలిచి మందు కూరి పేల్చారు. కొన్ని వారాల పాటు రోజూ మధ్యాహ్నం కిటికీలు అదిరేవి. నాయనమ్మ అప్పటికే పోయింది. ఆ చప్పుడు వినలేదు కాబట్టి బతికిపోయిందనుకున్నాను.

పెద్దనాయినకు జబ్బు చేసి దవాఖానలో చేర్చారని తెలిసినప్పుడు మా నాయిన అంగీ మార్చుకుని, "పోదాం పా," అన్నాడు నాతో. అన్నీ మరిచిపోయిన మనిషిలా తేలిగ్గా అన్నాడు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుంటే పెద్దనాయిన కళ్ళు తెరిచి చూశాడు.

"ఏం తిన్నవ్ రా?" అన్నాడు.

"రొట్టె తిన్న అన్నా."

ఆ తర్వాత వాళ్ళు ఎన్నడో అమ్మేసిన ఎద్దుల గురించి మాట్లాడుకున్నారు. నేను బయటికొచ్చాను. వరండాలో అక్క ఉంది. బాచుపల్లిలో ఆడపిల్లల హాస్టల్లో వంట చూసుకుంటోందని విన్నాను కానీ అప్పటిదాకా కలవలేదు. జుట్టు సగం తెల్లబడింది. పక్కన కూర్చుని, "పెద్దనాయిన మనం చెప్పింది నమ్మి ఉంటే..." అన్నాను.

"నమ్మిండే," అంది అక్క. "టీచరమ్మ వచ్చిపోయిన దినమే నన్ను గుండు కాడికి తోల్కపోయిండు. చూపియ్యి, ఎట్ల కొలిచిన్రో అన్నడు. కర్ర పాతి చూపిచ్చిన. తాడు ఒక కొస నాయిననే పట్టిండు. చానసేపు నిలవడి చూసిండు. మంచిగ కొలిచిన్రు బిడ్డా అన్నడు."

"మరి?"

"మరేంది. కొలత మీదే, కని పాలు అడిగిన మాట నా తమ్మునిదే గద అన్నడు."

తిరుగు దారిలో ఆటోలో నాయినకు ఈ మాట చెప్పాను. ఆయన ఆశ్చర్యపోతాడనుకున్నాను. రోడ్డు వైపే చూస్తూ, "నాకెర్కే," అన్నాడు. "ఆ పొద్దు నేను బావి కాడ ఉన్న. అన్న తాడు పట్టుకునుడు చూసిన. ఇగ తెల్సింది గద, ఇంటికొచ్చి పిలుస్తడనుకున్న. పిలువలె. నేను పోవాలె, నేనే పోవాలె అనుకుంటనే ఇన్నేండ్లు పోయినయ్."

పెద్దనాయిన ఆ వారమే పోయాడు. పదో రోజున కార్యం అయిపోయి చుట్టాలు కదిలిపోతుంటే నాయిన అక్కను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మాట కూడదీసుకుని చెప్పాడు. తాను చూశానని, తనకు తెలుసని, నోరు జారిన ఒక్క మాటకు ఇంత అయిందని, మన్నించమని.

అక్క అంతా వింది. తర్వాత అడిగింది.

"మా నాయినకు తెల్సు. నీకు తెల్సు. మీ అన్నదమ్ముల పట్టింపు మీకు పెద్దగయ్యింది, సరే. మరి నన్ను బడికెందుకు తోలలే చిన్నాయినా?"

కోపంగా అడగలేదు. ఎక్కడో ఒక మెట్టు అర్థం కాని పిల్ల టీచరును అడిగినట్టు అడిగింది. అక్క ఆయన జవాబు కోసం కొంచెంసేపు ఆగింది. తర్వాత, హాస్టల్లో పిల్లలు ఆకలితో ఉంటారని లేచి, కొంగు దులుపుకుని బస్సు కోసం వెళ్ళిపోయింది.

నాయిన ఇంకా కొన్నేళ్ళు బతికాడు. ఏదో పని మధ్యలో ఉన్నట్టుండి, "దానికి జవాబు చెప్పాలె," అనేవాడు. చెప్పకుండానే పోయాడు. అక్క నాకు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది, నా కాళ్ళ నొప్పులు అడుగుతుంది, హాస్టల్ పిల్లల పరీక్షల గురించి చెప్తుంది. ఎవరికి లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చాయో అన్నీ ఆమెకు తెలుసు. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆమె గొంతు కొంచెం వేరేగా ఉంటుంది. నేను ఊఁ కొడుతూ వింటాను.